త్రీ నాట్ త్రీ ఫోరెండ్ వెనక చీలింది: జిగురు పెడితే సరిపోతుందా?

ఓహయో_303 అడిగారు:

నమస్తే అండి. రైఫిల్ ఎస్‌ఎమ్‌ఎల్‌ఈ (షార్ట్ మ్యాగజైన్ లీ ఎన్‌ఫీల్డ్) మార్క్ 3 స్టార్, ఇంగ్లండ్ ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ ముద్ర, 1917. మన పోలీసుల భుజాన చాలాకాలం కనిపించిన త్రీ నాట్ త్రీ కుటుంబమే. ఇనుము బాగుంది, చెక్క గురించే అడుగుతున్నాను. అంతా వాల్‌నట్, అంటే అక్రోటు కర్ర. కాల్చే ఉద్దేశం లేదు, గోడకు పెట్టుకోవడానికే.

ఫోరెండ్ (బ్యారెల్ కింద ఉండే ముందు చెక్క) వెనక చివర, బట్ (భుజానికి ఆనించే వెనక చెక్క) దూరే ఇనుప సాకెట్‌కి ఎదురుగా ఉండే చోట, నిలువుగా చీలింది. కింద నుంచి చూస్తే చీలిక ట్రిగ్గర్ గార్డు గాడి మధ్యలోంచి ముందుకు 55 మి.మీ. వరకు పోయింది. గోరు దూరదు, షేవింగ్ బ్లేడు దూరుతుంది. ట్రిగ్గర్ గార్డు ముందు స్క్రూ పూర్తిగా బిగించినా ఫోరెండ్ ముందుకీ వెనక్కీ దాదాపు ఒక మి.మీ. ఆడుతోంది. బట్ మెడ దగ్గర, ఫోరెండ్ వెనక చివర నల్లగా జిడ్డు పట్టి ఉంది, ఎండలో పెడితే నూనె చెమటలా పైకి వస్తోంది. బట్ కుడివైపు రెండు నొక్కులు. వెనక హ్యాండ్‌గార్డు (బ్యారెల్ పైన కప్పే చెక్క) మీద 70 మి.మీ. సన్న పగులు.

నేను అనుకున్నది: చీలికలో సూపర్ గ్లూ పోసి బిగించడం, మొత్తం 120 నంబరు ఉప్పు కాగితంతో రుద్దడం, మూడు పూతలు పాలీయురేథేన్ వార్నిష్. లేదా ఫోరెండే వేరేది కొని మార్చడం. ఏది మేలు?

పాతఇనుము రాశారు:

మూడూ వద్దు. మార్చడం అసలే వద్దు. నోస్‌క్యాప్ (ముందు చివరి ఇనుప తొడుగు) తీశాక ఫోరెండ్ ముక్కు కింది వైపు చూడండి, అక్కడ రైఫిల్ నంబరు కొట్టి ఉంటుంది. అది రిసీవర్ (బోల్టు కదిలే ఇనుప భాగం) నంబరుతో కలిస్తే, చీలిన ఫోరెండ్ అయినా సరే, వేరే రైఫిల్‌ది తెచ్చిన బాగున్న ఫోరెండ్ కన్నా విలువైనది.

మీరు రాసిన వాటిలో అసలు జబ్బు చీలిక కాదు, ఆ ఒక మి.మీ. ఆట. ఈ రైఫిల్లో ఫోరెండ్ వేరు, బట్ వేరు. పేలినప్పుడు రిసీవర్ వెనక్కి తన్ని, మ్యాగజైన్ గది వెనక తన అడుగున ఉన్న రెండు ముఖాలతో ఫోరెండ్‌ని తనతోపాటు లాక్కుపోతుంది. ఆ ముఖాలకు ఆనే చెక్కని ఇంగ్లీషువాళ్ళు డ్రాస్ అంటారు, నేను ఆనుడు అంటాను. ఆనుడు గట్టిగా ఉంటే అది తోపు మాత్రమే. నూనెకి మెత్తబడి, నలిగి, సందు వచ్చిందంటే ప్రతి తన్నూ సుత్తి దెబ్బ. ఆ దెబ్బ వెనక ఉన్న సన్నని చెక్కని రెండుగా విడదీస్తుంది. సందు అలాగే ఉంచి చీలిక ఒక్కటే అతికిస్తే జిగురు పక్కనే మళ్ళీ చీలుతుంది.

ముందు విప్పడం సరిగా తెలియాలి, ఎందుకంటే ఇంట్లో చీలే ఫోరెండ్‌లలో చాలావరకు విప్పేటప్పుడే చీలుతున్నాయి. ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక గుండు కూర్చునే గదిలో), మ్యాగజైన్‌లో గుండు లేదని కంటితో చూసి, వేలితో తడిమి, బోల్టు, మ్యాగజైన్ తీసి పక్కన పెట్టండి. తర్వాత నోస్‌క్యాప్ స్క్రూలు రెండూ. నోస్‌క్యాప్ జిడ్డుకి అతుక్కుపోయి ఉంటే బాయొనెట్ తగిలించే బొడిపె మీద కొట్టకండి, ముక్కు విరుగుతుంది. చెక్క ముక్క ఆనించి రెండు వైపులా మార్చి మార్చి చిన్నగా తట్టాలి. దానికి దగ్గర్లోనే, బ్యారెల్ కింద చిన్న స్టడ్, స్ప్రింగ్ ఉంటాయి. ఎగిరిపోతాయి, కింద తెల్ల గుడ్డ పరచండి. తర్వాత బయటి బ్యాండు, ముందు హ్యాండ్‌గార్డు. వెనక హ్యాండ్‌గార్డు స్ప్రింగు క్లిప్పులతో బ్యారెల్‌ని పట్టుకుని ఉంటుంది. చివర పట్టి పైకి లాగితే ఖాయంగా చీలుతుంది (మీదీ అలాగే చీలి ఉంటుంది). రెండు బొటనవేళ్ళూ క్లిప్పు ఉన్న చోటే పెట్టి పైకి తోయండి. తర్వాత లోపలి బ్యాండు స్క్రూ, దాని స్ప్రింగు, చివరికి ట్రిగ్గర్ గార్డు స్క్రూలు. ట్రిగ్గర్ పిన్నుతో ఆ గార్డుకే బిగించి ఉంటుంది కాబట్టి దానితోనే వచ్చేస్తుంది.

ఇప్పుడు ఫోరెండ్ కిందికి దిగాలి. ముక్కు పట్టి కిందికి వంచితే వెనక ఆనుడు రిసీవర్‌లో ఇరుక్కుని విరుగుతుంది. ముందూ వెనకా సమంగా, వెంట్రుకవాసి చొప్పున దింపండి.

ఇంకొకటి, అన్నిటికన్నా ముఖ్యం. ఫోరెండ్ తీయకుండా బట్ బోల్టు (బట్‌ని సాకెట్‌కి పట్టి ఉంచే పొడవాటి బోల్టు) తిప్పకండి. ఈ మోడల్లో బట్ బోల్టు ముందు చివర నలుచదరంగా ఉండి, ఫోరెండ్ వెనక ముఖంలో ఉన్న ఇనుప పలకలో కూర్చుంటుంది. వెనక నుంచి స్క్రూడ్రైవర్ తిప్పితే ఆ చదరం పలకతో సహా తిరిగి ఫోరెండ్‌ని లోపల నుంచి చీలుస్తుంది. మీ చీలిక సరిగ్గా మధ్యలోంచి మొదలైంది కాబట్టి గతంలో ఎవరో చేసిన పని ఇదే అయ్యుండొచ్చు. బట్ తీసేటప్పుడు కూడా: ఇత్తడి ప్లేటు విప్పి, లోపలి రంధ్రంలో తోలు బిళ్ళ ఉందేమో చూసి, ముందు దాన్ని కొక్కెంతో బయటికి లాగండి. తోలు మీదుగా స్క్రూడ్రైవర్ తోస్తే గాడిలో కూర్చోదు, జారి బట్ గోడని లోపలి నుంచి పగలగొడుతుంది. కనీసం 30 సెం.మీ. పొడవు, వెడల్పాటి మొన ఉన్నది కావాలి.

తిరిగి బిగించేటప్పుడు బోల్టు చదరం అంచులు నిట్టనిలువుగా ఉండాలి, అప్పుడే పలకలోకి దిగుతుంది. చదరం వంకరగా ఉండగా ఫోరెండ్‌ని గుద్ది ఎక్కించడం ఇంకో చీలికకి దారి.

రంపంపొట్టు రాశారు:

తుపాకుల సంగతి పాతఇనుము గారు చెప్పారు, నేను చెక్క, జిగురు వరకు చెబుతాను.

నూనె తాగిన చెక్కకి ఏ జిగురూ అంటదు. సూపర్ గ్లూ సంగతి ఇంకా అన్యాయం: నీళ్ళలా పాకుతుంది, పెళుసుగా గడ్డకడుతుంది, ఒక్క దెబ్బకి గాజులా విడిపోతుంది. పైగా చీలిక అంచుల్లో ఇంకిన చోట తర్వాత మీరు ఏ నూనె పట్టించినా పట్టదు, తెల్లటి గీతలా శాశ్వతంగా కనిపిస్తుంది. లోపల గడ్డకట్టిన పాత సూపర్ గ్లూని తీయడం కొత్త చీలికని అతికించడం కన్నా పెద్ద పని.

కాబట్టి వరస ఇది: నూనె తీయడం, నొక్కులు ఆవిరితో లేపడం, ఆరబెట్టడం, అతికించడం, ఆనుడు కట్టడం, చివర్లో పూత. మారిస్తే పని చెడుతుంది. జిడ్డు చెక్కలోకి నీళ్ళు ఇంకవు కాబట్టి నూనె తీయక ముందు ఆవిరి పనిచేయదు. అతికించాక ఆవిరి పెడితే వేడికి ఎపాక్సీ (రెండు పాళ్ళు కలిపి వాడే జిగురు) మెత్తబడుతుంది.

నూనె తీయడానికి కాల్షియం కార్బొనేట్ పొడి, మామూలు మాటల్లో మెత్తటి సుద్ద పొడి, ఒక 250 గ్రాములు. ఎసిటోన్ అర లీటరు. రుబ్బిన గోరింటాకు చిక్కదనంలో కలిపి నల్లబడిన చోట 3, 4 మి.మీ. మందాన మెత్తండి. ఎసిటోన్ నూనెని కరిగించి పైకి తెస్తుంది, సుద్ద పీల్చుకుంటుంది. ఆరితే తెల్ల పొడి గోధుమరంగుకి మారుతుంది. పళ్ళ బ్రష్షుతో దులిపి మళ్ళీ మెత్తండి. వందేళ్ళ జిడ్డుకి నాలుగు నుంచి ఆరు సార్లు పడుతుంది. పొడి తెల్లగానే రాలినప్పుడు ఆపండి. చీలిక లోపలికి సిరంజితో ఒట్టి ఎసిటోన్ పోసి, పాత జాకెట్టు గుడ్డ పీలికతో అటూ ఇటూ లాగండి. ఎసిటోన్ ఆవిరి చాలా తేలిగ్గా అంటుకుంటుంది. ఆరుబయట చేయండి. దగ్గర్లో పొయ్యి, హీటరు, సిగరెట్ ఉండకూడదు.

ఎసిటోన్ నచ్చకపోతే నెమ్మది దారి ఒకటి: చెక్కని కిచెన్ టవల్‌తో చుట్టి, నల్ల ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఎండలో ఆపిన కారులో నాలుగు గంటలు ఉంచండి. నూనె చెమట పట్టి కాగితానికి అంటుతుంది. ఓహయోలో జూలైలో బాగానే పనిచేస్తుంది. రెండు పద్ధతులూ కలపకండి, ఎసిటోన్ తడి ఉన్న చెక్కని కారులో మూయడం ప్రమాదం. అవెన్ క్లీనర్ పూసేవాళ్ళు ఉన్నారు. అందులో కాస్టిక్ ఉంటుంది, నారని కొరికి వాల్‌నట్ రంగుని పాడుచేస్తుంది. పాత్రలు తోమే మెషీన్లో పెట్టిన బట్‌ల ఫొటోలు చూశాను, వాటి గురించి మాట్లాడకపోవడమే మంచిది.

అతికించడానికి నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ, అంటే అరాల్డైట్ స్టాండర్డ్ లాంటిది. ఐదు నిమిషాల రకం వద్దు, లోపలికి ఇంకేలోపే బిగుస్తుంది. రెసిన్, హార్డెనర్ సమపాళ్ళు, చెరి 3 మి.లీ. మీ చీలికకి ధారాళం. హార్డెనర్ ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుందన్నది అపోహ, ఎప్పటికీ జిగటగా మిగులుతుంది. రెండు నిమిషాలు బాగా కలిపి, హెయిర్ డ్రయ్యర్‌తో చెక్కని గోరువెచ్చగా చేస్తే జిగురు పలచబడి చీలిక చివరిదాకా పాకుతుంది. చీలికని తెరవడానికి వెదురు పుల్ల చీలిక చాలు. స్క్రూడ్రైవర్ పెడితే 55 మి.మీ. కాస్తా 80 అవుతుంది. ఒక వైపు జిగురు పెట్టి, రెండో వైపు నుంచి పళ్ళ మధ్య శుభ్రం చేసే దారంతో లాగండి. అవతల జిగురు పొడుచుకు వచ్చేదాకా ఆపకండి.

బిగించడానికి ఇనుప క్లాంపు కన్నా పాత సైకిల్ ట్యూబు మేలు. రెండు వేళ్ళ వెడల్పు పట్టీ కోసి, చెక్క మీద పాలిథిన్ చుట్టి, దానిపైన లాగి లాగి ఎనిమిది చుట్లు వేయండి. వంపు ఉన్న ఆకారాన్ని అన్ని వైపులా సమంగా నొక్కుతుంది, నొక్కు పడదు. బయటికి కారిన జిగురుని గట్టిపడక ముందే వెనిగర్ తడిపిన గుడ్డతో తుడవండి. 20, 25 డిగ్రీల గదిలో 24 గంటలు కదపకండి. చలికాలం గరాజ్‌లో వదిలేస్తే మూడు రోజులైనా జిగటే.

జిగురు ఒక్కటే నమ్మకండి, చీలికకి అడ్డంగా పిన్నులు వేయాలి. బయటి నుంచి వేస్తే చుక్కలు కనిపిస్తాయి. ట్రిగ్గర్ గార్డు పడుకునే గాడిలోంచి ఏటవాలుగా రెండు రంధ్రాలు, ఒకటి ఎడమ గోడలోకి, ఒకటి కుడి గోడలోకి, గుణకారం గుర్తులా. 2.5 మి.మీ. ఇత్తడి కడ్డీ అయితే 2.8 మి.మీ. బర్మా (డ్రిల్ బిట్). కడ్డీని ఆకురాయితో గరుకు చేయండి, పొడవునా ఒక సన్న గీత కోయండి, లేకపోతే లోపలి గాలి జిగురుని వెనక్కి తంతుంది. ముందు గోడ మందం కొలిచి, బర్మాకి టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి. బయటికి పొడుచుకు వస్తే ఏడ్చినా లాభం లేదు. ఇనుప మేకులు వద్దు, వాల్‌నట్‌లోని టానిన్ (వగరు పదార్థం) తగిలి చుట్టూ నల్ల మచ్చ వేస్తుంది.

ఓహయో_303:

వివరంగా చెప్పారు, కృతజ్ఞతలు. నంబరు చూశాను, కలిసింది. రెండు సందేహాలు. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు ఎందుకు కాదు? ఇంకా, స్క్రూ బిగుసుకున్నా ఫోరెండ్ ఎందుకు ఆడుతోంది? ఆనుడు నలిగితే వెనక్కే కదలాలి కదా, నాది కొంచెం పైకీ కిందికీ కూడా ఆడుతోంది.

రంపంపొట్టు:

తెల్ల జిగురు నార లోపలికి ఇంకి పట్టుకుంటుంది. కొత్తగా విరిగిన, పొడిగా, అంచులు ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చునే చెక్కకి అదే మొనగాడు. మీది పాత చీలిక, నూనె పూర్తిగా పోదు, అంచులు అరిగి సందు ఉంది. సందుని నింపుతూ పట్టుకునేది ఎపాక్సీయే. మ్యూజియంవాళ్ళు ఇప్పటికీ తోలు జిగురు వాడతారు, వేడి నీళ్ళతో మళ్ళీ ఊడదీయొచ్చు కాబట్టి. 1850ల నాటి ఎన్‌ఫీల్డ్ మజిల్ లోడర్ లాంటిది అయితే నేనూ అదే చెబుతాను.

లిథ్‌గో_తెలుగు రాశారు:

పైకీ కిందికీ ఆడటానికి కారణం కాలర్. ట్రిగ్గర్ గార్డు ముందు స్క్రూ ఫోరెండ్‌లో ఒక ఉక్కు గొట్టం గుండా పోతుంది. సరైన రైఫిల్లో చెక్క ఆ గొట్టం కన్నా వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటుంది. స్క్రూ బిగిస్తే ముందు చెక్క నొక్కుకుంటుంది, ఆ తర్వాత గొట్టం ఆపుతుంది. మీ చెక్క ఎండి కుంచించుకుపోయి గొట్టమే పైకి వచ్చింది. స్క్రూ గొట్టాన్ని బిగిస్తోంది, చెక్కని కాదు. దీనికి చాలామంది గొట్టాన్ని ఆకురాయితో తగ్గిస్తారు. ఆ పని చేయకండి. చెక్క తగ్గితే చెక్కనే పెంచాలి: ట్రిగ్గర్ గార్డు కూర్చునే చోట 0.5 మి.మీ. వాల్‌నట్ వినీర్ (పలచటి చెక్క పొర) ముక్క ఎపాక్సీతో అతికించి, గొట్టం అంచు కన్నా ఒక కాగితం మందం ఎత్తు మిగిలేదాకా గీరండి.

ఇక ఆనుడు. నలిగిన చోట రేకు ముక్క దూర్చి సరిపెట్టుకునే వాళ్ళున్నారు. మెత్తబడ్డ చెక్క మీద రేకు ఎన్నాళ్ళుంటుంది? గట్టి చెక్క వచ్చేదాకా ఉలితో 4, 5 మి.మీ. లోతు చదరంగా తీసేయండి. ఆ గుంటకి సరిపడా రెండు వాల్‌నట్ దిమ్మలు చేయండి. నార దారి ముఖ్యం: రైఫిల్ పొడవునా పోవాలి, అంటే రిసీవర్ ముఖానికి దిమ్మ కోత మొన (నార చివర్లు కనిపించే ముఖం) ఎదురుగా ఉండాలి. నార అడ్డంగా పెడితే ఏడాదిలో మళ్ళీ నలుగుతుంది. మన టేకు వాడాలనిపిస్తుంది, కానీ దానిలో సహజంగానే నూనె ఉంటుంది, జిగురు సరిగా పట్టదు. కొండపల్లి బొమ్మల పొనికి, ఏటికొప్పాక అంకుడు లాంటివి ఈ పనికి మెతక. పాత విరిగిన బట్ ముక్క దొరికితే అదే బంగారం.

దిమ్మలు 0.3 మి.మీ. ఎక్కువగానే అతికించండి. జిగురు గట్టిపడ్డాక అసలు పని మొదలు. రిసీవర్ ముఖాలకి కాటుక పలచగా పూసి, ఫోరెండ్ ఎక్కించి, దించండి. దిమ్మ మీద నల్లగా అంటిన చోట మాత్రమే పదునైన ఉలితో పొర తీయాలి. మళ్ళీ కాటుక, మళ్ళీ ఎక్కించడం. ఇరవై, ముప్ఫై సార్లు పడుతుంది, తొందర పనికిరాదు. రెండు దిమ్మల మీదా కాటుక సమానంగా, ముఖంలో ఎక్కువ భాగం అంటాలి. ఒక వైపే అంటితే బలం అంతా ఆ గోడ మీదే పడి కొత్త చీలిక అక్కడి నుంచే. ఫోరెండ్ చివరి వేలెడు దూరం అరచేత్తో చరిస్తే గానీ ఎక్కనంత బిగువు రావాలి.

అదే సమయంలో ఫోరెండ్ వెనక ముఖానికీ బట్ సాకెట్‌కీ మధ్య పోస్టుకార్డు దూరేంత సందు ఉండాలి. సాకెట్ తగులుతుంటే కాటుక అక్కడ కూడా అంటుతుంది, ఆ మచ్చ పోయేదాకా గీరండి. ఆనుడు ఎంత బాగా కట్టినా సాకెట్ తగిలితే వృథా.

ఆస్ట్రేలియాలో, లిథ్‌గో ఫ్యాక్టరీలో, ఈ సమస్య వాళ్ళకీ వచ్చింది. వాల్‌నట్ బదులు క్వీన్స్‌లాండ్ మేపుల్, తర్వాత కోచ్‌వుడ్ వాడారు. అవి మెతక కాబట్టి 1940ల్లో ఆనుడు దగ్గర రాగి పలకలు బిగించారు. మన ఇషాపూర్ ఫ్యాక్టరీ దారి వేరు, ఫోరెండ్‌కి అడ్డంగా ఒక స్క్రూ వేసి రెండు గోడల్నీ కట్టేసింది. మీది 1917 ఇంగ్లండ్ రైఫిల్, ఈ రెండూ దానికి పెట్టకండి, చరిత్ర తప్పుతుంది. ఎవరైనా ఇషాపూర్ రైఫిల్ బాగుచేస్తూ ఆ స్క్రూ చూసి ఎవరో తర్వాత కొట్టారనుకుని తీసేస్తారేమో, తీయకండి.

అవిసెనూనె రాశారు:

పూత గురించి ఎవరూ రాయలేదు కాబట్టి.

120 కాగితం మాట మరిచిపోండి. బట్ మీద ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల ముద్రలు లోతు లేనివి, నాలుగు రుద్దులకి పోతాయి. అంతకన్నా ముఖ్యం, కొత్తగా చేసినప్పుడు చెక్క ఇనుము అంచు కన్నా కొంచెం ఎత్తుగా ఉంటుంది. రుద్దితే బట్ ప్లేటు, సాకెట్ అంచులు చెక్క బయటికి పొడుచుకు వస్తాయి. దూరం నుంచే తెలిసిపోతుంది. గరుకు ఉన్న చోట 0000 స్టీల్ ఊలు (అతి సన్నటి ఉక్కు పీచు), అదీ నార వెంట, అదీ ముద్రలకు దూరంగా.

నొక్కులు లేపడం: నూలు గుడ్డ రెండు మడతలు తడిపి, పిండి, నొక్కు మీద వేసి, ఇస్త్రీపెట్టె నూలు వేడిలో 5, 6 సెకన్లు ఆనించండి. బుస్సుమనాలి. తీసి చూడండి, మళ్ళీ. ఎనిమిది, పది సార్లకి నలిగిన నార ఉబ్బి పైకి వస్తుంది. చెక్క ఊడిపోయిన గుంట లేవదు, ఆవిరి నారని లేపుతుంది గానీ కొత్త నార పుట్టించదు. ముద్రల మీద పెట్టకండి, అవీ నొక్కులే, అవీ లేచిపోతాయి. తర్వాత ఒక రోజు ఆరనివ్వండి.

పాలీయురేథేన్ ఎందుకు కాదంటే, అది పైన తోలులా కూర్చుంటుంది. లోపల మిగిలిన నూనె ఎప్పుడో పైకి వచ్చి దాన్ని పొలుసులుగా లేపుతుంది. పైగా ఈ రైఫిల్‌కి బ్రిటిష్ సైన్యం వాడింది పచ్చి అవిసె నూనె. దుకాణాల్లో ఉడికించిన అవిసె నూనె అని అమ్మేది నిజంగా ఉడికించింది కాదు, త్వరగా ఆరడానికి లోహపు లవణాలు కలిపింది. పచ్చిది ఒక పూత ఆరడానికి రోజులు పడుతుంది, ఉడికించినది ఒకట్రెండు రోజులు. ఓపిక లేనివాళ్ళు రెండోది వాడినా నేరం కాదు.

బట్, ఫోరెండ్, రెండు హ్యాండ్‌గార్డులకి కలిపి పూతకి 10 మి.లీ. దాటకూడదు. అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుని, చెయ్యి వేడెక్కేదాకా రుద్దండి. 20 నిమిషాల తర్వాత పొడి గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. ఈ తుడవడమే అందరూ మానేసేది. మానేస్తే పైన జిగట పొర మిగిలి, దుమ్ము పట్టి, ఆముదం పూసిన కుర్చీలా తయారవుతుంది. పచ్చి నూనెకి పూతకీ పూతకీ మధ్య కనీసం మూడు రోజులు, ఐదారు పూతలు. లోపలి బ్యారెల్ గాడికి, కొత్త ఆనుడు దిమ్మలకి, నోస్‌క్యాప్ కింద దాగే మొనకి కూడా పట్టించండి. కోత మొన తేమని గొట్టంలా పీలుస్తుంది, అక్కడ నూనె లేకపోతే వానాకాలం ఉబ్బి, చలికాలం కుంచించుకుని మీ బిగువంతా పోతుంది.

నూనె గుడ్డలు ఉండ చుట్టి చెత్తబుట్టలో వేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు గాలితో కలిసి వేడి పుట్టిస్తుంది. ఉండలో ఆ వేడి బయటికి పోలేక దానంతట అదే అంటుకుంటుంది. విప్పి ఒంటిపొరగా బయట ఆరేయండి, లేదా నీళ్ళ డబ్బాలో ముంచండి. ఇది మాట వరసకి చెప్పే జాగ్రత్త కాదు.

రష్యా మోసిన్ నాగంత్ రైఫిల్ ఉన్నవాళ్ళు ఈ సలహా తీసుకోకండి. దాని మీద ఉండేది లక్క పూత, దానికి స్పిరిట్ తగిలినా పోతుంది. జపాన్ అరిసాకా అయితే ఉరుషి చెట్టు పాలతో చేసిన పూత. దాన్ని రుద్దితే లేచే దుమ్ము కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు తెప్పిస్తుంది. అరిసాకా బట్ కింద పొడవునా కనిపించే గీత చూసి చీలిందని కంగారుపడి జిగురు పోయకండి, అది రెండు చెక్కలు కలిపి చేసిన అతుకు.

ఓహయో_303:

హ్యాండ్‌గార్డు పగులు ఒక్కటి మిగిలింది. చాలా పలచగా ఉంది, పిన్ను వేయడానికి చోటు లేదు. పని మొదలుపెట్టాక ఇంకో చిక్కు: ఎసిటోన్ మెత్తాక బట్ మెడ దగ్గర జిడ్డు పోయింది గానీ ఒక నీలి నలుపు మచ్చ అలాగే ఉంది.

పాతఇనుము:

మచ్చ నూనె కాదు, ఇనుము, టానిన్, తేమ కలిసి వేసినది. ఆక్సాలిక్ ఆమ్లంతో పోతుంది, కానీ చుట్టూ ఉన్న వాల్‌నట్ కూడా తెల్లబడి నల్ల మచ్చ బదులు తెల్ల మచ్చ మిగులుతుంది. బట్ సాకెట్ అంచున ఉన్న మచ్చయితే నేను వదిలేస్తాను. వందేళ్ళ రైఫిల్‌కి అది ఉండాల్సిందే. జిడ్డు మళ్ళీ పట్టకుండా మాత్రం చూసుకోండి: బ్యారెల్‌కి నూనె పట్టించాక నిలబెట్టి ఉంచితే అది కారి కారి చేరేది సరిగ్గా బట్ మెడలోకీ ఫోరెండ్ వెనక్కీనే. మీది అలాగే నల్లబడింది. గోడకి అడ్డంగా పెట్టండి, లేదా నూనె వేసిన మొదటి రెండు రోజులు మూతి కిందికి.

రంపంపొట్టు:

హ్యాండ్‌గార్డుకి పిన్ను అక్కర్లేదు. నూనె తీశాక అదే ఎపాక్సీ వెచ్చగా పగులులోకి పంపి, సైకిల్ ట్యూబు చుట్టండి, కానీ వదులుగా. బిగిస్తే వంపు మూసుకుపోయి తర్వాత బ్యారెల్ మీద కూర్చోదు. లోపల అదే వ్యాసం ఉన్న పైపు ముక్కకి మైనం పూసి పెట్టి చుడితే ఆకారం నిలుస్తుంది. గట్టిపడ్డాక లోపలి వైపు పగులు పొడవునా, దానికి అటూ ఇటూ ఒక్కో సెంటీమీటరు వచ్చేలా పలచటి మల్లు గుడ్డ పట్టీని ఎపాక్సీతో అతికించండి. బయటికి కనిపించదు. ఆ పట్టీ బ్యారెల్‌ని తాకకూడదు. తాకుతుందో లేదో మళ్ళీ కాటుకే చెబుతుంది. స్ప్రింగు క్లిప్పుల రివెట్లు వదులైతే ముందు వాటిని బిగించండి, పగులుకి సగం కారణం అవే.

నిర్వాహకుడు:

చట్టం గురించి విడిగా మెసేజీలు వస్తున్నాయి, ఇక్కడే రాస్తున్నాను. అమెరికాలో ఫెడరల్ చట్టం ప్రకారం యాంటిక్ అంటే 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనది, కాబట్టి 1917 రైఫిల్ ఆ లెక్కలోకి రాదు. ఇండియాలో ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 5 ప్రకారం తుపాకి రిపేరుకే లైసెన్సు కావాలి. అందుకని తాతల నాటి తుపాకి ఇంట్లో ఉన్నవాళ్ళు పైన రాసినది చదివి విప్పడం మొదలుపెట్టకండి, లైసెన్సున్న డీలరు దగ్గరికి తీసుకెళ్ళండి. సెక్షన్ 45 ఇచ్చే మినహాయింపు, పాతబడి, రిపేరు చేసినా చేయకపోయినా తుపాకిగా పనికిరాని వాటికి. పనికిరాదా లేదా అన్నది మన అభిప్రాయంతో తేలదు.

లిథ్‌గో_తెలుగు:

ఓహయో_303 గారూ, చివరి బిగింపు వరస: ముందు బట్ బిగించి బోల్టు చదరం నిలువుగా ఉందో లేదో చూడండి. తర్వాత ఫోరెండ్, తర్వాత ట్రిగ్గర్ గార్డు ముందు స్క్రూ, తర్వాత వెనకది. ఈ దశలో ఆగి ఫోరెండ్‌ని పట్టి ఊపండి. ఆట ఉంటే నోస్‌క్యాప్ ఎక్కించకండి, వినీర్ దగ్గరికి తిరిగి వెళ్ళండి. ఎపాక్సీ పని అయిన వారం తర్వాతే ఈ బిగింపు.

ఓహయో_303:

అర్థమైంది. కాటుక డబ్బా రెండు కొన్నాను.